యాభై లెన్సు, అంచు నాడె

తిప్పేస్వామికి ఆ వారం తిండీ నిద్రా సరిగా లేవు. కారణం అరచేతిలో పట్టేంత లెన్సు ఒకటి.

ధర్మవరంలో ఫోటోలు తీసి బతికేవాడి తిప్పలు వేరు. ఊరంతా పట్టు మగ్గాలు. పట్టుకు ఎండ పడదు. రంగు వెలుస్తుంది, దారం పెళుసెక్కి తెగుతుంది. అందుకని మగ్గం గదికి కిటికీ ఒకటే పెడతారు, అదీ చిన్నది. ఆ గుడ్డి వెలుతురులో అతని పాత లెన్సు పనికి రాదు. ఫోటో చీకటిగానైనా వస్తుంది, లేకుంటే చెదిరిపోయైనా వస్తుంది. ఫ్లాష్ వేద్దామంటే జరీ అంతా భగ్గుమని తెల్లటి మచ్చై కూర్చుంటుంది. పైగా నేసేవాడు తిడతాడు. కళ్ళలో మెరుపు పడితే మళ్ళీ పోగు కనబడడానికి చాలాసేపు పడుతుందని వాళ్ళ బాధ.

అందుకే అనంతపురం పోయి ఈ లెన్సు తెచ్చాడు. యాభై లెన్సు అంటారు దాన్ని. వట్టి ప్లాస్టిక్కు, చవకరకం. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగదు, దగ్గరున్నదాన్ని దూరం జరపదు. ఎంత దూరం కావాలో మనమే కాళ్ళతో నడిచి చూసుకోవాలి. కానీ దాని నోరు పెద్దది. ఒకటి పాయింట్ ఎనిమిది దాకా తెరుచుకుంటుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే నోరు అంత పెద్దదని లెక్క. అంత నోరు తెరిచిందంటే దీపం వెలుగు కూడా దానికి పగలే.

అమ్మేటప్పుడు అంగడాయన ఒక మాట అన్నాడు. "ఏడు దినాలు వాడి చూడప్పా. నచ్చకుంటే గీత పడకుండా వెనక్కి తెచ్చియ్యి."

ఆ మాటే కొంప ముంచింది. తీసుకునేటప్పుడు లేని అనుమానాలన్నీ ఇంటికొచ్చాక పుట్టాయి. తిప్పేస్వామి మూడు రోజులు ఆ లెన్సుకు పరీక్షలు పెట్టాడు. గోడకు దినపత్రిక అంటించి నాలుగు మూలల అక్షరాలూ చూశాడు. చాటలో బియ్యం పోసి గింజ గింజా తీశాడు. దండెం మీద తెల్ల పంచె ఆరేసి, ఎండలో దాని అంచుకు ఊదారంగు జీర కడుతుందేమోనని చూశాడు. కట్టింది. ఫోకస్ తిరిగేటప్పుడు పిల్లి గుర్రుమన్నట్టు చప్పుడు. అదీ రాసుకున్నాడు. మంచి ఒక పక్క, చెడు ఒక పక్క కాగితం నిండా రాసి చూస్తే రెండూ సరిసమానంగా తేలాయి. మనిషికి తిక్కపట్టింది.

నాలుగో రోజు పొద్దున, గురువారం నాడు, ఆ కాగితమూ ఆ లెన్సూ పట్టుకొని వన్నూర్ సాబ్ దగ్గరికి పోయాడు.

వన్నూర్ సాబ్ అతని గురువు. పాత బస్టాండు పక్కన నూర్ స్టూడియో ఆయనది. నెత్తిన నల్లగుడ్డ కప్పుకొని గాజు పలకల మీద ఫోటో తీసిన కాలం నుంచి ఉన్న మనిషి. పదేళ్ళ కిందట ఏదో దరఖాస్తుకని పాస్‌పోర్టు ఫోటో దిగడానికి వచ్చి, ఇంక వెనక్కి పోకుండా అక్కడే నిలబడిపోయినవాడు తిప్పేస్వామి. ఈ పదేళ్ళలో సాబ్ అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. వెలుతురు గురించి చెప్పమంటే మూడు రోజులు స్టూడియో తలుపు తీసి మూసే పని పెట్టాడు. ఇప్పుడు ఆయన కళ్ళకు శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ చేయించుకో సాబ్ అంటే "చూసింది చాల్లే" అంటాడు.

"సాబ్, ఒక్క మాట చెప్పండి," అన్నాడు తిప్పేస్వామి. "ఇది మంచిదా, చెడ్డదా?"

సాబ్ లెన్సు తీసుకొని అరచేతిలో తూచాడు.

"బరువే లేదే."

"ప్లాస్టిక్కు సాబ్. లోపల గాజు మాత్రం మంచిదంటారు."

"ఎవరంటారు?"

"అందరూ."

"అందరూ దీంతో ఎవర్ని తీసినారు?"

తిప్పేస్వామి కాగితం విప్పి చదవబోయాడు. సాబ్ చెయ్యి చాచి ఆ కాగితం తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టాడు. వంగి, ఊగులాడే బల్ల కాలి కింద దోపాడు. బల్ల ఊగడం ఆగింది.

"నిన్న మగ్గం నేసే చౌడప్ప వచ్చి పోయినాడు," అన్నాడు, ఏమీ జరగనట్టు. "ఆయనా ఆయన భార్య రామలింగమ్మా మగ్గం మీద ఉన్నట్టు ఒక ఫోటో కావాలంట. ఆయమ్మకు గుండెలో కవాటం చెడింది. ఆదివారం బెంగుళూరు పెద్దాసుపత్రికి పోతారు. గుండె కోస్తారంట."

"అయ్యో. బాగవుతాది కదా సాబ్?"

"చెప్పలేమన్నారంట. బాగైనా ఇంక మగ్గం ముందర కూర్చోకూడదంట." సాబ్ లెన్సు తిప్పేస్వామి చేతిలో పెట్టాడు. "వాళ్ళ పెండ్లి ఫోటో నేనే తీసినా. వానకు గోడ ఉరిసి అది పాడైపోయింది. దాని తర్వాత ఆయమ్మ ఫోటో దిగిందే లేదు. ఆధార్ కార్డులో ఉండేదాన్ని ఆమె మొగమంటే ఆమే ఒప్పుకోదు. నా కండ్లు ఇట్లుండాయి. నువ్వు పో."

తిప్పేస్వామి సంబరపడిపోయాడు. పరీక్షకు ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది!

చౌడప్ప ఇల్లు సన్నటి సందు చివర ఉంది. మగ్గం గదిలోకి అడుగుపెట్టగానే కాసేపు ఏమీ కనబడలేదు. చప్పుడు మాత్రం వినబడింది. తర్వాత నేలలో తవ్విన గుంత కనబడింది. గుంతలోకి కాళ్ళు దించి, తొక్కుడు పలకల మీద పాదాలు పెట్టి, ముందుకు వంగి నేస్తున్న చౌడప్ప కనబడ్డాడు. ఆయనకు అవతలి పక్కన, చీర అంచు దగ్గర, చిన్న పీట మీద రామలింగమ్మ.

అది కుట్టంచు చీర. దానికి ఒక మనిషి చాలడు. చీర ఒడలు నేసే నాడె, పోగుల నడుమ దారం మోసుకుపోయే ఆ కొయ్య పడవ, చౌడప్పది. అవతలి అంచు నేసే నాడె రామలింగమ్మది. ఈయన నాడె అక్కడికి పోయిన ప్రతిసారీ ఆమె నాడె ఎదురొచ్చి, ఒడలి దారాన్నీ అంచు దారాన్నీ ముడివెయ్యాలి. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ పక్క పీట మీద కూర్చున్నది ఆమే.

"ఏం నాయనా, ఇంత పొట్టి గొట్టంతో వచ్చినావు?" అంది రామలింగమ్మ కెమెరాను చూసి. "మా మేనల్లుడి పెండ్లిలో మూరెడు గొట్టం పెట్టుకొని తిరిగినారే!"

"పొట్టిదైనా గట్టిదే పెద్దమ్మా."

"నన్ను వదిలెయ్యి. ఆయన్ని తియ్యి. నాకు ముందరి పండ్లు రెండూ లేవు."

"నోరు మూసుకోనుంటే లేనట్టు ఎవరికి తెలుస్తాది?" అన్నాడు చౌడప్ప, పోగు మీది నుంచి చూపు ఎత్తకుండానే.

"నోరు మూసుకునేది నాకు వచ్చింటే నీ సంసారం ఎప్పుడో గంగలో కలిసేది."

అంత మాటకే ఆమెకు ఆయాసం వచ్చింది. నాడె ఒళ్ళో పెట్టుకొని రొమ్ము మీద చెయ్యి ఆనించుకుంది. చౌడప్ప అటు చూడలేదు. కానీ ఆయన చేతులు ఆగాయి. ఆమె మళ్ళీ నాడె ఎత్తేదాకా అట్లే ఆగి, మళ్ళీ కదిలాయి.

తిప్పేస్వామి వెనక్కి జరుగుతూ జరుగుతూ వీపు గోడకు తగిలేదాకా పోయాడు. లెన్సు నోరు పూర్తిగా తెరిచాడు. చౌడప్ప కంటి మీద గురిపెట్టి నొక్కాడు. తెర మీద చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ బురదలా వచ్చిన మగ్గం గది, బంగారం పూసినట్టు వెలుగుతోంది. చౌడప్ప కనురెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఆయన ముందు జరీ పోగు నిప్పు గీతలా ఉంది. వెనకున్నదంతా వెన్నలా కరిగిపోయింది. యాభై ఫోటోలు తీశాడు. ఒకదానికంటే ఒకటి బాగున్నాయనిపించింది.

మరునాడు వాటిలో మేలైనదాన్ని ఏరి, పెద్దగా అచ్చు వేయించి, స్టూడియోకు తీసుకుపోయాడు. సాబ్ అప్పుడే జుమ్మా నమాజు నుంచి వచ్చి కూర్చున్నాడు. ఫోటోను ముక్కు దగ్గర పెట్టుకొని చూశాడు. వెలుతురుకు వంచి చూశాడు.

"పద, ఇచ్చొద్దాం. నేనూ వస్తా," అని లేచి, మూలనున్న పాత మూడుకాళ్ళ కొయ్య స్టాండు భుజానికి ఎత్తుకున్నాడు.

"అదెందుకు సాబ్?"

"ఊతకు."

ఊతకైతే చేతికర్ర చాలదా అనుకున్నాడు తిప్పేస్వామి.

ఫోటో చూసి చౌడప్ప సంతోషపడ్డాడు. కిటికీ కింద నిలబడి, అద్దం పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకొని, "నేనేనా ఇది!" అన్నాడు. తర్వాత ఆయన భుజం మీది తువ్వాలు కొస తీసి, ఫోటోలో ఒక చోట మెల్లగా తుడిచాడు. మళ్ళీ చూశాడు. మళ్ళీ తుడిచాడు.

"తేమ తగిలినట్టుందప్పా ఈడ," అన్నాడు. "పొగమంచు పట్టింది."

తువ్వాలు కొసకు తడి చేసుకొని మూడోసారి తుడవబోయి, ఆగాడు.

"ఈడ ఆమె ఉండాల కదా?"

తిప్పేస్వామి దగ్గరికి పోయి చూశాడు. నిన్నటి నుంచి వందసార్లు చూసిన ఫోటోనే. చౌడప్ప చెవి వెనక పసుపూ ఎరుపూ కలిసి ఒక మసక. పసుపు ఆమె మొగానిది. ఎరుపు ఆమె చీరది. అంతకంటే ఏమీ లేదు.

"అది... ఈ లెన్సు గుణం పెద్దయ్యా," అన్నాడు. "ఒకరి మీద గురిపెడితే వెనకుండేది కరిగిస్తాది. అందం కోసరం."

తను అన్న మాట తన చెవులకే అదోలా వినబడింది.

రామలింగమ్మే లేచి వచ్చి ఫోటో చూసింది. "బాగుంది నాయనా," అంది. "మీ పెద్దయ్య దేవుడి పటంలో మాదిరిగా ఉన్నాడు. నేను లేకుంటే ఏమి? నా మొగం ఎట్లుంటాదో ఈయనకు తెలీదా?"

చౌడప్ప తల ఊపాడు. కానీ ఫోటో కింద పెట్టలేదు. ఆ మసక మీద బొటనవేలు అట్లే ఉంచుకొని నిలబడ్డాడు.

తిప్పేస్వామి సాబ్ వైపు తిరిగాడు. "లెన్సే మంచిది కాదు సాబ్. రేపే పోయి వెనక్కి ఇచ్చేసి వస్తా."

సాబ్ ఆ మాట వినబడనట్టే, రామలింగమ్మతో అన్నాడు: "అమ్మా, నువ్వు కొంచెంసేపు పండుకో. నీ పీట మీద వీడు కూర్చుంటాడు."

"ఎవడు?" అన్నాడు చౌడప్ప. "ఈ ఫోటోల పిల్లోడా? పట్టుచీర సాబ్ ఇది! రేపు సాయంత్రానికి కోసి ఇయ్యాల. ఆటనా?"

"చెడితే విప్పు."

"విప్పేది నేను కదా!"

"నువ్వే కదా. ఇంకెవరు విప్పుతారు?" అన్నాడు సాబ్, గడప మీద కూర్చుంటూ.

ముప్పై ఎనిమిదేళ్ళ కింద ఊపిరి బిగబట్టమంటే బిగబట్టి పెండ్లి ఫోటో దిగినవాడు చౌడప్ప. ఆ గౌరవానికి ఇప్పుడూ నోరు మూసుకున్నాడు. తిప్పేస్వామి కెమెరా మెడలో నుంచి తీసి పక్కన పెట్టి, పీట మీద కూర్చున్నాడు. రామలింగమ్మ నాడె ఎట్లా పట్టుకోవాలో చూపించి, గోడవార చాప మీద ఒరిగింది.

మొదటిసారి నాడె జారి గుంతలో పడింది. రెండోసారి ఆలస్యమైంది. మూడోసారి తొందరపడింది. చౌడప్ప ప్రతిసారీ వంగి పోగులు విప్పాడు. చీర ఒడలికీ అంచుకీ మధ్య, వెంట్రుక దూరేంత సందు ఉంది. అంత సందు చాలు, మొదటిసారి కట్టినప్పుడే చీర అక్కడ చీలుతుంది.

నాలుగోసారీ అంతే.

"ఎక్కడ చూస్తాండావు నాయనా?" అంది రామలింగమ్మ చాప మీది నుంచి.

"ఆయన చేతిని పెద్దమ్మా."

"చేతిని చూస్తే ఎప్పటికీ ఆలస్యమే. చెయ్యి కదిలే ముందర ఆయన కింది పెదవి బిగిస్తాడు. మొగం చూడు."

"నేనా?" అన్నాడు చౌడప్ప. "నేనెప్పుడు బిగించినా పెదవి?"

"నీకేం తెలుసులే. నెయ్యి."

తిప్పేస్వామి నాడె వైపు చూడడం మానేశాడు. చౌడప్ప మొగం చూశాడు. పెదవి బిగిసింది. నాడె వదిలాడు. దారానికి దారం తగులుకుంది. మళ్ళీ బిగిసింది. మళ్ళీ తగులుకుంది.

ఎంతసేపు గడిచిందో తెలియదు. కిటికీ వెలుతురు గోడ మీద మూరెడు జరిగింది. వేలెడు అంచు పడింది. ఆ పీట మీది నుంచి చూస్తే చౌడప్ప మొగంలో ఇన్ని సంగతులున్నాయని తెలిసింది. పోగు తెగబోయే ముందు కుడి కనుబొమ్మ లేస్తుంది. పూవు సరిగ్గా పడితే ముక్కు పుటాలు కొంచెం విచ్చుకుంటాయి. చెమట చుక్క చెవి దగ్గర పుట్టి గడ్డం దాకా జారుతుంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ఆయన మాత్రం ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. చూస్తే పోగు తప్పుతుంది.

"ఏమ్మే, దారం వదులైంది చూడు," అన్నాడు చౌడప్ప, పీట మీద ఉన్నది భార్య కాదన్న సంగతి పనిలో పడి మరిచిపోయి.

చాప మీది నుంచి రామలింగమ్మ నవ్వింది. చౌడప్ప నాలుక కరుచుకున్నాడు. తిప్పేస్వామికి మాత్రం నవ్వు రాలేదు. దారం బిగించి, నాడె మెల్లగా పీట మీద పెట్టి, ఎవరూ చెప్పకుండానే లేచి పోయి ఆ మూడుకాళ్ళ స్టాండు విప్పాడు.

"పెద్దమ్మా, లెయ్యగలవా?"

ఆమె వచ్చి తన చోట కూర్చుంది. తిప్పేస్వామి కెమెరాను స్టాండు మీద బిగించాడు. లెన్సు నోరు చిన్నదయ్యేకొద్దీ ముందున్నదీ వెనకున్నదీ రెండూ తేటగా నిలుస్తాయి, అందుకని మూస్తూ పోయాడు. నాలుగు, ఎనిమిది, పదకొండు. ఇద్దరి నడుమ ఉన్న అంచు మీద గురి ఆనించాడు. ఇంత నోరు మూస్తే వెలుతురు రావడానికి పూర్తిగా ఒక సెకను పడుతుంది. ఏ నోరు చూసి ఈ లెన్సు కొన్నాడో, ఆ నోటితో ఇప్పుడు పని లేదు.

"పెద్దయ్యా, నాడె వెయ్యబోయే ముందర ఒక్క క్షణం ఆగాల. ఇద్దరూ కదలకూడదు."

"ఊపిరి బిగబట్టాల్నా? పెండ్లినాడు సాబ్ అట్లనే చెప్పినాడు."

"బిగబట్టేదానికి నా దగ్గర ఊపిరి యాడుంది నాయనా," అంది రామలింగమ్మ. నవ్వుతూనే అంది.

మొదటి ఫోటోలో ఆమె భుజం చెదిరింది. రెండోదానిలో మొగం చెదిరింది. ఆయాసానికి రొమ్ము లేస్తుంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది? అయిదు తీశాడు. అయిదింటిలోనూ చౌడప్ప రాయిలా ఉన్నాడు, ఆమె నీళ్ళలో నీడలా ఉంది. మళ్ళీ లెన్సు నోరు తెరిస్తే ఆమె నిలుస్తుంది, నిజమే. కానీ అప్పుడు ఇద్దరిలో ఒకరే ఉంటారు.

"బిగబట్టొద్దు పెద్దమ్మా," అన్నాడు తిప్పేస్వామి. "నీ పాటికి నువ్వు ఊపిరి తీసుకో. మీరు నేస్తా ఉండండి."

కెమెరాలో చూడడం మానేశాడు. మీట మీద వేలు ఆనించి, ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఊపిరి లోపలికి పోతోంది, ఎక్కడో తట్టుకుంటోంది, బయటికి వస్తోంది. బయటికి వచ్చినాక, మళ్ళీ లోపలికి పోయే ముందు, ఒక చిన్న ఖాళీ ఉంది. అలసిపోయినవాడు మైలురాయి మీద కూర్చున్నట్టు, ఆ ఖాళీలో ఆమె ఒళ్ళంతా ఒక్క క్షణం కుదుటపడుతోంది. మొదట అది అతనికి దొరకలేదు. కాసేపటికి అతని ఊపిరి కూడా ఆమె ఊపిరితో కలిసి నడవసాగింది.

"ఇప్పుడు ఆగు పెద్దయ్యా," అన్నాడు మెల్లగా.

చౌడప్ప పెదవి బిగించి ఆగాడు. ఆమె నాడె పట్టుకొని ఆగింది. ఊపిరి బయటికి వచ్చింది. తిప్పేస్వామి నొక్కాడు.

లెన్సు వెనక రెక్క తెరుచుకున్న చప్పుడు. చాలాసేపటికి, మూసుకున్న చప్పుడు.

గడప మీది నుంచి సాబ్ అన్నాడు: "అయింది."

తిప్పేస్వామి తెర చూసుకోలేదు. ఆమె మళ్ళీ ఊపిరి తీసుకునేదాకా చూసి, అప్పుడు స్టాండు మడిచాడు.

మరునాడు ఫోటో అచ్చు వేయించాడు. ప్లాస్టిక్కు లెన్సు, ఎక్కడా తప్పు చెయ్యలేదు. నాలుగు మూలలా పోగు పోగు తెలుస్తోంది. ఊదారంగు జీర కోసం వెతకాలన్న ధ్యాసే అతనికి రాలేదు. చీర మధ్యలో ఉంది. దాని ఈ కొస ఒక మనిషి, ఆ కొస ఒక మనిషి. సాబ్ ఫోటో అడగలేదు, చూడనూ లేదు. "రేపు ఎన్నింటికి రైలు?" అని మాత్రం అడిగాడు.

ఆదివారం పొద్దున ఇద్దరూ సందు మొగదల దగ్గరికి పోయేసరికి ఆటో నిలబడి ఉంది. లెన్సు వెనక్కి ఇవ్వడానికి అదే ఆఖరి రోజు. తిప్పేస్వామికి ఆ సంగతే తట్టలేదు. కెమెరా ఎప్పటిలాగే మెడలో ఉంది.

రామలింగమ్మ అప్పటికే ఆటోలో కూర్చుంది. ఒళ్ళో బట్టల మూట, మూట మీద ఆసుపత్రి కాగితాలు. చౌడప్ప ఇంటికి తాళం వేసి వచ్చాడు. తిప్పేస్వామి ఫోటో ఆయన చేతికిచ్చాడు.

చౌడప్ప చూశాడు. ఈసారి తన మొగం వెతుక్కోలేదు. చాలాసేపు ఒక్క చోటే చూశాడు.

"ఏమ్మే," అన్నాడు. "ఎవరిని చూస్తాండావు నువ్వు దీంట్లో?"

"ఎవరిని చూస్తా? నిన్నే."

"ఎప్పుడూ ఇట్లనే చూస్తావా?"

"పక్క పీట మీద కూర్చున్నదాన్ని, ఇంక యాడ చూసేది? నువ్వు ఒకనాడన్నా తల తిప్పింటే తెలిసిండేది." ఆమె మూట ముడి వదులైందని విప్పి మళ్ళీ బిగించడం మొదలుపెట్టింది. "ఎక్కయ్యా. రైలు పోతాది."

చౌడప్ప ఎక్కలేదు. ఆటోలో ఒక కాలు, నేల మీద ఒక కాలు. ఫోటో కిందికి దించాడు. ఆమె వంచిన తల, నెరిసిన పాపిట, ముడి దగ్గర తడుముకుంటున్న వేళ్ళు, అన్నీ చూస్తూ నిలబడిపోయాడు. ఆమె మూట సర్దుకుంటూ ఆ సంగతే గమనించలేదు.

పొద్దుటి ఎండ ఆటో లోపలికి ఏటవాలుగా పడుతోంది. తిప్పేస్వామి చెయ్యి తనంతట తనే కెమెరా మీదికి పోయింది.

సాబ్ చెయ్యి వచ్చి అతని మణికట్టు మీద పడింది. ఆ కళ్ళకు ఏమి కనబడిందో ఏమో.

"వద్దు అబ్బీ," అన్నాడు. "ఆయన్ని చూసుకోనీ."